జొన్నరొట్టె కోసం రాజహత్య

తూకాల ఎల్లేశం ఎవరికీ హాని తలపెట్టే మనిషి కాడు. జడ్చర్లలో పల్లీల మిల్లులో కాంటా ముందు కూర్చుని, ముల్లు కదలకుండా నిలిచేదాకా కనురెప్ప వేయని మనిషి. అలాంటివాడు ఒక రాకుమారుణ్ణి నలుగురి ముందు చంపాడంటే, తప్పు ఆయనది కాదు. రొట్టెది.

రొట్టె అంటే జొన్నరొట్టె. పెనం మీంచి దిగీ దిగకముందే, ఆవిరి లేస్తుండగానే వెల్లుల్లికారం అద్దుకుని తినాలి. చల్లారిన జొన్నరొట్టెను ఇంటి కప్పుమీద పెంకు పగిలిన జాగాలో పెట్టుకోవచ్చు గానీ నోట్లో పెట్టుకోరాదని ఎల్లేశం సిద్ధాంతం.

ఆయన భార్య పేరు అండాలు. ఆ పేరు వింటే మిల్లు మున్షీ ఖాజా సాబుకు పండగే. ఆయన భాషలో అండా అంటే గుడ్డు. "ఇంట్ల అండాలు పెట్టుకొని ఆకలంటవేందయ్యా!" అని రోజుకోసారి నవ్వేవాడు. ఎల్లేశం కూడా నవ్వేవాడు. అండాలు అండ ఉన్నన్నాళ్లూ ఆయన కంచం చల్లారింది లేదు మరి.

చల్లారడం మొదలైంది కూతురు కౌసల్య వల్ల. ఆరో తరగతి పిల్ల. సెలవులకు కోస్గిలో మేనమామ ఇంటికి పోయి, అటక మీంచి ఒక పాత పుస్తకం పట్టుకొచ్చింది. పేరు 'మబ్బులకోట'. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. మూలలు ఎలుకలు చదివేశాయి. లోపల మాత్రం నీలకేతుడనే రాకుమారుడు, మాట్లాడే గుర్రం, మబ్బుల మీద ఒక కోట, ఆ కోటలో నీలకేతుడు మనసుపడ్డ పిల్ల, అక్కడే రాతిబొమ్మై నిలబడిపోయిన ఆయన తల్లి, అందరూ చెక్కుచెదరకుండా ఉన్నారు.

పిల్ల పొద్దు గూకేవేళ అరుగు మీద కూర్చుని గట్టిగా చదివేది. మొదట ఎల్లేశం తల్లి సోమమ్మ చెవి ఒగ్గింది. తర్వాత అండాలు పిండి చేతులతోనే వచ్చి గడపలో నిలబడింది. ఆ తర్వాత పక్కింటి భద్రమ్మ చేరింది. పేరుకు భద్రమ్మే గానీ ఆమె దగ్గర ఏ ముచ్చటా భద్రంగా ఉండదు. ఎదురింటి యాదమ్మ కూడా వచ్చింది. యాదమ్మకు ఏదీ యాదుండదు. కాబట్టి నిన్నటి కథ ఇవ్వాళ మళ్లీ చెప్పాలి.

నీలకేతుడు అనడానికి నోరు తిరగక అమ్మలక్కలు ఆయన్ను నీలయ్యను చేసుకున్నారు. వారం తిరిగేసరికి నీలయ్య ఆ ఇంటి మనిషైపోయాడు. ఎల్లేశం పరాయివాడయ్యాడు.

"రొట్టె ఏదే?" అన్నాడొకనాడు, మిల్లు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని.

"నీలయ్య బాయిల దిగిండు."

"నేనడిగింది రొట్టె."

"నేను జెప్పింది నీలయ్య. బాయిల ఐదు తలల పామున్నది. పైకొచ్చినంక చేస్త."

"రాకపోతే?"

"పొద్దుగాల తిందువుగాని."

"ఓ అండాలూ, నీ మొగుడు నేనా, నీలయ్యనా?"

"నీలయ్యకు గుర్రమున్నది. నీకేమున్నది?"

"కాంటా ఉన్నది!"

"ఎక్కి కూసో పో. గింత కోపం ఎంత తూగుతదో చూద్దాం."

ఎల్లేశం పొద్దుటి రొట్టెను పళ్లతో ఆకురాయి పట్టినట్టు పట్టి తిన్నాడు. తర్వాత ఎవరూ చూడకుండా పుస్తకాన్ని అరచేతిలో పెట్టుకుని తూచాడు. చదివిన పక్క తేలిక. చదవని పక్క బరువు. ఈ కథ కంచికి పోతే గానీ రొట్టె కంచానికి రాదు. కథ తనంతట తాను పోయేలా లేదు. ఎవరో ఒకరు పంపాలి.

దేవుడు దయతలచి కౌసల్యకు జలుబు చేయించాడు. గొంతు పూర్తిగా పోయింది. మర్నాడు సాయంత్రం అమ్మలక్కలు వచ్చి దిగులుగా కూర్చుంటే ఎల్లేశం పెద్దమనిషిలా దగ్గాడు.

"ఫికర్ చేయకుండ్రి. ఇయ్యాల నేను చదువుత."

అండాలు ఆయన వైపు వింతగా చూసింది. పెళ్లినాటి నుంచి ఆయన గట్టిగా చదివింది బస్తాల బరువు ఒక్కటే.

"అంతట ఐదు శిరస్సుల మహాసర్పము బుస్సున లేచి, నీలకేతుని చూచి, నోరు తెరచి..." అని చదివాడు. పేజీ అక్కడికి అయిపోయింది. పేజీ తిప్పాలి. ఎల్లేశం తిప్పలేదు. కథనే తిప్పాడు. "నోరు తెరచి... కరిచెను!"

"అయ్యో! ఏడ కరిచె?" అంది భద్రమ్మ.

"కాలికి."

"ఏ కాలు?"

"కుడి."

"మందు పెట్టలేదా?"

"పెట్టిరి. పని చేయలేదు."

"గుర్రం ఏం జేసింది?"

"ఏడ్చింది. నీలకేతుండు మరణించెను. కథ సమాప్తము. శుభం."

"సచ్చినంక శుభమేంది కొడుకా?" అంది సోమమ్మ.

లోపల పడుకున్న కౌసల్య లేచి వచ్చి, పోయిన గొంతుతోనే పుస్తకంలో మిగిలిన కాగితాల లావు చూపించింది.

"అవా బిడ్డా? అవి ప్రకటనలు. పాముకాటు మందులవి."

"అవి ముందుగాల చదివితే బతుకుతుండె గదయ్యా!" అంది యాదమ్మ.

అండాలు మాత్రం ఎల్లేశం కాంటా ముల్లును చూసినట్టు ఎల్లేశం ముఖాన్ని చూసింది. ముల్లు నిలిచినట్టుంది. లేచి పోయి, అప్పుడే రాజుకుంటున్న పొయ్యిలో చెంబెడు నీళ్లు గుమ్మరించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రాగం అందుకుంది. "ఓ నీలయ్యా... గుర్రమెక్కి వస్తివా నీలయ్యా... బాయిల పోతివా నీలయ్యా..."

"ఏం జేస్తున్నవే?"

"ఇంట్ల మనిషి పోయిండు. పొయ్యెట్ల ముట్టిస్తరు?"

"వాడు కాగితం మనిషే!"

"గట్లనా? మరి కాగితం రొట్టె తిను."

చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగు అన్నం తెచ్చిపెట్టడం ఆచారం. ఎల్లేశం ఆశగా భద్రమ్మ వైపు చూశాడు. భద్రమ్మ ముక్కు చీదింది. "నా ఇంట్ల గూడ పొయ్యి ముట్టియ్యలేను తమ్మీ. మనసొస్తలేదు." యాదమ్మ దుఃఖం ఎందుకో మరిచిపోయింది గానీ ఏడుపు మాత్రం మానలేదు.

ఆ పూట ఎల్లేశం మంచినీళ్లు తాగాడు. అవి కూడా చల్లగానే ఉన్నాయి.

తెల్లారి పుస్తకాన్ని ఎవరి కంటా పడకుండా సంచిలో దాచుకుని మిల్లుకు పోయాడు. అప్పటికే భద్రమ్మ బస్టాండు దాకా పోయి వచ్చింది. ఆమె చెప్పింది ఒక్కటే మాట, "ఎల్లేశం ఇంట్ల నీలయ్య పోయిండు, పాము కరిచి." ఆ ముచ్చట ఊరంతా తిరిగి, ఎల్లేశం కంటే ముందే మిల్లు చేరింది.

ఖాజా సాబు గుడ్ల ముచ్చట ఎత్తలేదు. ఎల్లేశం భుజం మీద చెయ్యి వేశాడు.

"పిలగాని వయసెంత?"

"పద్దెనిమిది." అంత వరకు అబద్ధం లేదు.

"పెండ్లి?"

"ఒక పిల్లను చూసుకున్నడు సాబ్. జర పై వాళ్లు." అదీ నిజమే. వాళ్ల కోట మబ్బుల మీద ఉంది.

ఖాజా సాబు కళ్లు తుడుచుకున్నాడు. మిల్లు షావుకారు కాంటాకు చెయ్యి అడ్డం పెట్టి, "ఇంట్ల మనిషి పోతే తూకమేస్తవా? ముందు ఇంటికి పో" అన్నాడు. ఏ ఇంటికి పోవాలి? నీళ్లు పోసిన పొయ్యి దగ్గరికా?

ఎల్లేశం తిన్నగా బస్టాండు హోటలుకు పోయాడు. మిరపకాయ బజ్జీలు తెమ్మన్నాడు. బజ్జీలు వచ్చాయి. వాటితోపాటు హోటలంతా ఆయన్నే చూసింది. హోటలు భిక్షపతి దగ్గరికొచ్చి, చెవిలో, "తప్పు పటేలా. పోయినోడు మీ మనిషి. నలుగురు చూస్తే బాగుండది" అని ప్లేటు ఎత్తుకుపోయాడు. ఎల్లేశం వేళ్లకు అంటిన నూనె ఒక్కటే దక్కింది.

ఇక నీలయ్యను బతికించక తప్పదు. చంపడం సులువుగానే అయింది. బతికించడం ఎలాగో తెలియలేదు. బస్టాండు బల్ల మీద కూర్చుని, ఏమైనా ఉపాయం దొరుకుతుందేమోనని సంచిలోంచి పుస్తకం తీసి, నిన్న తిప్పని పేజీ తిప్పాడు.

పాము కరవలేదు. "నాయనా, నా వీపు మీద ఎక్కుము" అంది. బావి అడుగున ఇంకో ఆకాశం ఉంది. ఆ ఆకాశంలో మబ్బులు పచ్చగా గడ్డిలా ఉన్నాయి. గుర్రం ఆ మబ్బుల్ని మేసింది.

ఎల్లేశం ఉపాయం సంగతి మరిచాడు. మహబూబ్‌నగర్ బస్సు వచ్చిపోయింది. షాద్‌నగర్ బస్సు వచ్చిపోయింది. బజ్జీల వాసన వచ్చి, ముక్కు దగ్గర కాసేపు నిలబడి, ఎవరూ పలకరించకపోతే వెళ్లిపోయింది. నీలకేతుడు కోట వాకిట్లోకి చేరాడు. వాకిలి కాచే ముసలివాడు అడ్డం నిలిచి, "నీ తల్లిని ఇచ్చెదను. బదులుగా నాకేమిత్తువు?" అని అడిగాడు. అదే సమయానికి ఒక లారీ చెవిలో ఊదినట్టు హారన్ కొట్టింది. ఎల్లేశం తలెత్తి చూస్తే పొద్దు వాలిపోయి ఉంది. బలవంతాన పుస్తకం మూసి ఇంటి దారి పట్టాడు.

అరుగు మీద అమ్మలక్కలు కూర్చునే ఉన్నారు. మధ్యలో తలకు తువ్వాలు చుట్టుకుని అండాలు అన్న మల్లయ్య ఉన్నాడు. కోస్గి బస్సు కండక్టరు నోట చావు కబురు విని అప్పుడే వచ్చి దిగాడు.

"బావా, ఎవడీ నీలయ్య? మన సుట్టాలల్ల నాకు తెల్వని నీలయ్య ఎవడు?" అన్నాడు.

ఎల్లేశం నోరు తెరిచేలోపే సోమమ్మ అందుకుంది. "నీ పుస్తకంల పిలగాడే మల్లయ్యా! బాయిల పాము కరిచి సచ్చిండు."

"మబ్బులకోటలనా? నీలకేతుడా?" మల్లయ్య లేచి నిలబడ్డాడు. "ఎవరు జెప్పిండ్రు? ఆ పాము కరవది! ఈపు మీద ఎక్కించుకొని తీస్కపోతది! అండాలూ, నీకు యాది లేదా? చిన్నప్పుడు మళ్లమళ్ల చదివిస్తివి గదనే నాతోని!"

అరుగంతా ఎల్లేశం వైపు తిరిగింది. ఎల్లేశం అండాలు వైపు తిరిగాడు.

"నీకు... కథ మొత్తం తెలుసా?"

"నోటికొస్తది."

"మరి నిన్న పొయ్యిల నీళ్లెందుకు పోస్తివి?"

"నువ్వు సంపితివి, నేను ఏడిస్తి. ఎవరి పని వాళ్లు చేసినం."

"తెలిసిన కథ రోజూ కూసొని ఎందుకు వింటున్నవే?"

"తెలిసిన రొట్టె రోజూ కూసొని ఎందుకు తింటున్నవ్?"

అరుగంతా గొల్లుమంది.

సోమమ్మ మాత్రం నవ్వలేదు. "వాని తల్లి రాయై నిలబడ్డది గదరా. నా కొడుకు వస్తడని చూస్తాంది. నీ కొడుకు రాడమ్మా అని ఆమెకు ఎవరు జెప్తరని రాత్రంత నాకు కంటి మీద కునుకు లేదు."

ఎల్లేశం తల దించుకున్నాడు. సంచిలోంచి పుస్తకం తీసి తల్లి ఒళ్లో పెట్టి, "సావలేదమ్మా. కోట వాకిట్లకు పోయిండు. నేనే చూసిన" అన్నాడు.

ఆ మాట ముగిసేసరికి భద్రమ్మ అరుగు మీద లేదు. "నీలయ్య లేసిండు!" అన్న కేక వీధి మలుపు దాటుతోంది.

చచ్చినవాడు లేచాడంటే చూడకుండా ఎవరుంటారు? దీపాలు వెలిగే వేళకు ఖాజా సాబు వచ్చాడు, మిల్లు షావుకారు వచ్చాడు, హమాలీలు వచ్చారు. ఆడవాళ్లు పసుపు కుంకుమలు పట్టుకుని వచ్చారు. లేచినాయన ఏడీ అంటే కౌసల్య పుస్తకం చూపించింది. కొందరు తిట్టారు. అందరూ కూర్చున్నారు.

"వచ్చినోళ్లను ఊకె పంపుతమా?" అని అండాలు పొయ్యిని వాకిట్లోకే మార్చింది. భద్రమ్మ పిండి తెచ్చింది. యాదమ్మ పిండికని పోయి చీపురు తెచ్చింది. "కౌసల్యకు ఇంక గొంతు రాలే. సంపినోడే చదవాలె" అని అండాలు తీర్పు చెప్పింది. ఎల్లేశాన్ని పొయ్యి పక్కనే కూర్చోబెట్టారు. పొగ కళ్లలో పడుతుంటే ఆయన పాము దగ్గర మొదలుపెట్టాడు. బావి అడుగున ఆకాశం వచ్చేసరికి ఖాజా సాబు "వారెవ్వా!" అన్నాడు. గుర్రం మబ్బులు మేసేసరికి హమాలీలు ఈలలు వేశారు. వాకిలి కాచే ముసలివాడు అడ్డం నిలిచేసరికి అందరూ ముందుకు జరిగారు.

సరిగ్గా అప్పుడు అండాలు పెనం మీంచి మొదటి రొట్టె దించింది. పొంగి, మచ్చలు పడి, ఆవిరి కక్కుతూ ఉంది. వెల్లుల్లికారం పెట్టి మొగుడి ముందుకు జరిపింది.

"వేడిగున్నది. తిను."

ఎల్లేశం చెయ్యి చాపాడు.

"బదులుగ ఏమిస్తనన్నడు కొడుకా నీలయ్య?" అంది సోమమ్మ.

అది ఎల్లేశానికీ తెలియదు. బస్టాండు నుంచీ ఆ ముసలివాడి ప్రశ్న ఆయన్ను లోపల గీకుతూనే ఉంది. రొట్టెను చూశాడు. పేజీని చూశాడు.

"సల్లారుతదయ్యో."

"జర ఆగవే!" అని కసిరి, రొట్టెకు చాపిన చేత్తోనే పేజీ తిప్పాడు.

అండాలు ఆ రొట్టెను మెల్లగా తన వైపు లాక్కుని, తుంచి, కారం అద్దుకుని, తనకు తెలిసిన కథను వింటూ తీరిగ్గా తినసాగింది.