పెనుగంచిప్రోలు పాల ట్యాంకరు

నందిగామ పాల సెంటరు మేనేజరు రత్నబాబుకు ఆ పొద్దున ఉన్న పనల్లా పెనుగంచిప్రోలు పాలు దింపించుకుని, వేడివేడి పెసరట్టు తినడం. మున్నేరుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. రాత్రికి రాత్రే పొంగి రోడ్డు ముంచేసింది. పెనుగంచిప్రోలులో కరెంటు పోయి, పాలు చల్లబరిచే మిషను కూడా ఆగిపోయింది.

హైదరాబాదు నుంచి పెద్ద మేనేజరు వరప్రసాదరావు ఫోను చేశాడు. "పోయిన వరదకీ పాలు పారబోశారు. ఈసారీ పారబోస్తే, రేపొచ్చి సెంటరుకి తాళం వేసేస్తా!"

"నేనున్నా కదండీ!" అన్నాడు రత్నబాబు. తాళం మాట విన్నా గొంతులో ధీమా తగ్గలేదు.

వెంటనే ఆ ఊళ్లో పాలు పోయించుకునే సౌభాగ్యమ్మకు ఫోను కొట్టాడు. "అక్కా, పాలన్నీ కాచి తోడెయ్యి. పెరుగైతే రేపటిదాకా ఆగుతుంది."

"అన్ని పాలకి తోడు ఎక్కణ్ణుంచి తేనయ్యా?"

"ఇంటికో గరిటెడు అడుగు. ఊరు గొడ్డుపోలేదుగా!"

ఆవిడ కల్యాణమంటపం గుండిగలు దింపించి, ఊరంతా తిరిగి, అన్నంత పనీ చేసింది. ఇక్కడ పెసరట్టు తిన్నాక రత్నబాబుకు ఇంకో ఉపాయం తట్టింది. తట్టకపోయినా బాగుండేది. డ్రైవరు స్తెఫనును ట్యాంకరుతో జగ్గయ్యపేట మీదుగా చుట్టు తిప్పి పెనుగంచిప్రోలు పంపాడు. ఆ హడావిడిలో పెరుగు సంగతే మరిచిపోయాడు, మహానుభావుడు.

సాయంత్రం స్తెఫను ఫోను. "సార్, ఇక్కడ పాలు..."

"కబుర్లొద్దు! ఉన్నదంతా ట్యాంకర్లో పోయించుకుని రా. చుక్క వదిలావో, ఊరుకోను!"

"అది కాదు సార్..."

ఫోను పెట్టేశాడు.

స్తెఫను మాట జవదాటే మనిషి కాదు. బకెట్లతో పెరుగంతా ట్యాంకర్లోకి పోయించాడు. జగ్గయ్యపేట దాకా ఉన్న గుంతల్లో ఒక్కటీ వదలకుండా దిగి లేచాడు.

మర్నాడు నందిగామలో ట్యాంకరు మూత తీసి చూసిన రత్నబాబు, దాన్ని మూసి మళ్లీ తీశాడు. పైన వెన్న ముద్దలు, కింద మజ్జిగ. సరిగ్గా అప్పుడే వరప్రసాదరావు కారు దిగాడు, చేతిలో కొత్త తాళంతో.

"పాలేవయ్యా?"

ఉద్యోగం పోయిందిరా దేవుడా అనుకుంటూ రత్నబాబు రోడ్డు వైపు చూశాడు. బెజవాడ వైపు హైవే మునగడంతో నందిగామ నిండా ఆగిపోయిన బస్సులే. దిగినవాళ్లంతా తాగడానికేమైనా దొరుకుతుందా అని వెతుక్కుంటున్నారు.

"ఇంతమందికి పాలు కాచి పొయ్యడం అయ్యేపనేనాండీ? అందుకే మజ్జిగ చిలికించి తెప్పించా," అన్నాడు, కన్నార్పకుండా.

ఉప్పూ కరివేపాకూ పడ్డాయి. మధ్యాహ్నానికల్లా ట్యాంకరు ఖాళీ. వెన్న కోసం మిఠాయి కొట్లవాళ్లు పోట్లాడుకున్నారు. వరప్రసాదరావు రెండో గ్లాసు తాగి, తాళం జేబులో వేసుకున్నాడు. "ఇంత ముందుచూపు ఎక్కడ నేర్చావయ్యా?"

"అనుభవమండీ!"

పై వారం జగ్గయ్యపేట రోడ్డు గుంతలు పూడ్చడానికి మనుషులొస్తే, వద్దని అడ్డం పడ్డవాడు రత్నబాబు ఒక్కడే.