చెత్తబండికి చెత్త అడ్డం

మా సందులో చెత్త ఎత్తకపోవడం మున్సిపాలిటీ మాకు చేస్తున్న మహోపకారమని నేను ఘంటాపథంగా చెబుతాను. దాన్ని తిట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది!

నెల కిందటి దాకా ఎదురింటాయన ముఖం కూడా నాకు సరిగ్గా తెలియదు. ఇప్పుడు వాళ్ళింట్లో ఏం వండుకున్నారో, ఆయన ఏ మాత్రలు మింగుతున్నాడో కూడా తెలుసు. అంతా సందులోని చెత్తగుట్ట మీద కనబడుతూనే ఉంటుంది కదా! ఇరుగుపొరుగు మధ్య ఇంతకన్నా దాపరికం లేని స్నేహం ఎక్కడైనా ఉంటుందా?

చుట్టాల తాకిడీ తగ్గింది. మా బావగారు సందు మొదట్లోనే ముక్కు మూసుకుని అట్నుంచి అటే వెళ్ళిపోయారు. మా ఆవిడకి ఎంత రెస్టు!

మొదట్లో మున్సిపాలిటీవాళ్ళు మూడు బుట్టలిచ్చారు. తడి, పొడి, ప్రమాదకరం. మా నాన్నగారు ఆయాసం మనిషి. వీధి కిటికీ దగ్గర కూర్చుని అన్నీ నిష్ఠగా వేరుచేసేవారు. ఉల్లిపొట్టు తడా పొడా అని కోడలితో పూటంతా వాదన! బండి వచ్చి మూడు బుట్టలనూ ఒకే తొట్టిలో కుమ్మరించేది. ఆహా, ఏమి సమదృష్టి!

తర్వాత ఆ బండీ రావడం మానేసింది. ఫోన్ చేస్తే శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు.

"సందులో చెత్త అడ్డంగా ఉందండీ, బండి లోపలికి రాదు. మీరు చెత్త తీయించేయండి, వెంటనే బండి పంపిస్తాం."

ఇందులో తప్పేముంది చెప్పండి?

కంపు భరించలేక కిటికీ మూసేశాం. గాలాడక నాన్నగారికి ఆయాసం ముదిరింది. మొన్న మధ్యాహ్నం అంబులెన్స్‌ను పిలిస్తే, అది సందు మొదట్లోనే ఆగిపోయింది.

"బండి లోపలికి రాదు సార్" అన్నాడు డ్రైవర్.

ఎదురింటాయనా నేనూ నాన్నగారిని కుర్చీతో సహా ఎత్తుకుని గుట్ట ఎక్కాం. కాళ్ళు జారిపోతున్నాయి. నాన్నగారు ఊపిరందక రొప్పుతూనే అడిగారు.

"ఒరేయ్, నన్ను దేంట్లో వేస్తార్రా? తడిలోనా, పొడిలోనా?"

నవ్వుదామనుకున్నాను. ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఆసుపత్రిలో కాస్త తేరుకున్నారు. ఇంటికి తీసుకెళ్ళొచ్చన్నారు డాక్టరు గారు. కాకపోతే కిటికీ తెరిచి ఉంచాలట.

ఇన్‌స్పెక్టర్ గారూ, మీ ఉపకారాలు ఇక చాలు. మా నాన్నను ఇంటికి తెచ్చుకోవాలి. బండి పంపండి.