గోడ దిగిన సంతకం

ఆ పొద్దున డ్రమ్మర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వ్యాన్‌లోంచి డ్రమ్ములు దింపాలి, ఓ కునుకు తీయాలి, సాయంత్రం వాయించాలి, వెళ్ళేముందు గోడ మీద సంతకం పెట్టాలి. జుట్టు నెరిసేదాకా ఊరూరా తిరిగి వాయించినవాడికి ఈ పాత సంగీతశాలలో కచేరీ దొరకడం ఇదే మొదలు. వేదిక వెనక గదిలో గోడ మీద, ఎప్పుడో పాడి వెళ్ళిన మహాగాయకుడు బొగ్గుతో పెట్టిన సంతకం ఉంది. దాని పక్కన తన పేరు ఉండాలని అతని కోరిక.

ఆ మాట చెబితే సంగీతశాల మేనేజరు అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "మహానుభావుల గోడ అది. పెళ్ళిళ్ళలో డబ్బాలు కొట్టేవాళ్ళకి కాదు. అసలు నీకు సంతకం వచ్చా?"

డ్రమ్మర్ చిన్నప్పుడే బడికి దండం పెట్టేసినవాడు. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మేనేజరు అటు వెళ్ళగానే, చెమటకి తడిసిన తెల్లచొక్కాతో కావాలనే ఆ గోడకి, సరిగ్గా సంతకం ఉన్నచోటే జారగిలబడి నిద్రపోయాడు.

అతను లేచేసరికి అక్క కెవ్వుమంది. బృందంలో పాడేదీ, బృందాన్ని నడిపేదీ ఆవిడే. "ఒరేయ్, సంతకం నీ వీపెక్కిందిరా!"

గోడ మీద మిగిలిన మసిని సర్దుదామని ఆవిడ తడిగుడ్డ వేసింది. మసి కాస్తా గేదె పడుకున్నంత మచ్చయింది. సరిగ్గా అప్పుడే మేనేజరు ఒక ముసలావిడని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ ఆ గాయకుడి కూతురు, ఆ రోజు ముఖ్య అతిథి. తండ్రి సంతకం చూడాలని వచ్చింది.

డ్రమ్మర్ గోడకి బల్లిలా కరుచుకున్నాడు.

"తప్పుకో."

"తప్పుకోను."

"కచేరీ రద్దు చేస్తా!"

"చేసుకో. డబ్బాలు కొట్టేవాడికి ఈ గోడ చాలు."

"మా తమ్ముడికి నడుం పట్టేసిందండీ," అంది అక్క.

ఆ జాలి అతనికి గిట్టలేదు. "నాకేం పట్టలేదు," అంటూ గిర్రున తిరిగి వీపు చూపించాడు. "ఇదిగో మీ సంతకం. చెరిపింది నేనే. ఏం చేసుకుంటారో చేసుకోండి."

"ఎంత చరిత్ర నాశనం చేశావురా!" మేనేజరు నెత్తి బాదుకున్నాడు.

ముసలావిడ కళ్ళద్దాలు పెట్టుకుని వీపు పరీక్షగా చూసింది. "ఇది మా నాన్నది కాదే."

"తిరగబడి అంటుకుంది కదమ్మా, అందుకే..." అన్నాడు మేనేజరు.

"ఎటు తిప్పినా కాదు. ఆయనకి అక్షరం ముక్క రాదు. బతికినన్నాళ్ళూ వేలిముద్రే." ఆవిడ చొక్కాని తాకింది. వేలు నల్లగా వచ్చింది. "అప్పటి బొగ్గు ఇంకా ఇంత తాజాగా ఉందా?"

మేనేజరు పైకప్పు వైపు చూశాడు. "ఏటా కొంచెం... మెరుగు పెడుతుంటామండీ."

కచేరీ రద్దు కాలేదు. డ్రమ్మర్ ఆ చొక్కాతోనే వాయించాడు. తర్వాత వెనక గదికొచ్చి, డ్రమ్ము పెడల్‌కున్న గ్రీజులో బొటనవేలు ముంచి గోడ మీద గట్టిగా నొక్కాడు.

"నీకు సంతకం వచ్చుగా?" అంది అక్క.

"వచ్చు. ఈ గోడకి అంత అవసరం లేదు."

ఇప్పుడు ఆ గోడ మీద అసలుది ఆ వేలిముద్ర ఒక్కటే. దాన్ని చూడ్డానికి మాత్రం ఇంతవరకూ ఎవరూ రాలేదు.