రెండు వాటాల కంప్యూటరు

ఆ ఉదయం సర్వేయరుగారి పథకం చిన్నదే. భార్య కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి పది గంటలకు తిరిగొచ్చేలోగా, ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరులో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టేయాలి. ఒకటి లెక్కల టీచరైన ఆవిడకు, ఒకటి తనకు. ఆయన పెద్దవి చేసిన అక్షరాలను ఆవిడ చిన్నవి చేయడం, మళ్ళీ ఆయన పెంచడం ఏడాదిగా నడుస్తున్న వ్యాజ్యం. పైగా రిటైరయ్యాక ఆయన అందులోనే రాయడం మొదలుపెట్టిన ఆత్మకథ, ‘హద్దు దాటని జీవితం’, రెండువందల పేజీలకు చేరింది. దాని జోలికి రావద్దని ఆవిడకు గట్టిగా చెప్పి ఉంచారు కూడా.

బావమరిది నిన్ననే ఫోన్లో హెచ్చరించాడు. "బావగారూ, ముందు అన్నీ వేరేచోట దాచుకోండి. ఆ తర్వాతే డిస్కును భాగాలు చెయ్యాలి."

"భాగాలు చెయ్యడం నాకు నేర్పుతావా? ముప్పై ఏళ్ళు అన్నదమ్ముల పొలాలకు హద్దురాళ్ళు పాతించినవాణ్ణి!"

తెరమీద ప్రశ్న వచ్చింది: పాతదాని పక్కనే కొత్తది పెట్టాలా, మొత్తం తుడిచేసి పెట్టాలా? సర్వేయరుగారు నవ్వుకున్నారు. ముళ్ళకంప కొట్టించకుండా కొలత గొలుసు పరిచేవాడు ఎక్కడైనా ఉంటాడా? తుడిచేయమన్నారు. నిజంగానేనా అని కంప్యూటరు మళ్ళీ అడిగింది. కిందివాళ్ళు ఎదురు ప్రశ్నలు వేయడం ఆయనకు సర్వీసులో ఉన్నప్పటినుంచీ గిట్టదు. ఈసారి ఇంకా గట్టిగా నొక్కారు.

అరగంటలో నేల చదునైంది. కొత్త సిస్టమ్ ఒక్కటే తళతళలాడుతోంది. పాతది లేదు, ఆవిడ ఫైళ్ళూ లేవు. పదకొండుకల్లా బడికి చేరాల్సిన పరీక్ష ప్రశ్నపత్రాలు అందులోనే ఉన్నాయని గుర్తొచ్చి ఆయనకు ముచ్చెమటలు పోశాయి.

అప్పుడే బడి అటెండరు తలుపు కొట్టాడు. "పేపర్లు తెమ్మన్నారండీ."

"లేవయ్యా."

"నిన్న తయారయ్యాయని మేడమ్‌గారు చెప్పారే!"

"నిన్న ఉన్నాయి, ఇవాళ లేవు. నన్నేమీ అడక్కు."

అటెండరు ఆయన చెమట చూశాడు, బార్లా తెరిచి ఉన్న పెరటి తలుపు చూశాడు. దొంగలు పడ్డారని తేల్చేశాడు. పావుగంటలో హెడ్మాస్టరుకు తెలిసింది, ఇంకో పావుగంటలో పరీక్ష వాయిదా పడింది. దొంగెవరో తెలియదు కాబట్టి వీధిలో పిల్లల జేజేలన్నీ సర్వేయరుగారికే దక్కాయి.

ఆ జేజేలు దాటుకుని ఆవిడ ఇంట్లోకొచ్చింది.

"ఇదిగో, తిట్టినా సరే, నిజం చెప్పేస్తున్నా. నీ ప్రశ్నపత్రాలు నేనే తుడిచేశాను," అన్నారాయన.

ఆవిడ చేతిసంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. "నిన్న మీరు మా తమ్ముడితో మాట్లాడుతుంటే విన్నాగా! అప్పుడే నావన్నీ ఇందులోకి ఎక్కించుకున్నా."

సర్వేయరుగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆవిడ హెడ్మాస్టరుకు ఫోన్ చేసింది. పరీక్ష మళ్ళీ ఖాయమైంది, జేజేలు శాపనార్థాలుగా మారాయి.

"అన్నట్టు, మీ ఆత్మకథ ఎక్కడ దాచారు?"

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "అదేంటి... నీవాటితో పాటు అదీ ఎక్కించలేదా?"

"దాని జోలికి రావద్దని మీరే కదండీ అన్నారు?"

సర్వేయరుగారు చేసిన పంపకాలన్నిటిలోనూ ఎవరూ కోర్టుకెక్కనిది ఇదొక్కటే.