ఏకగ్రీవంగా బిగించిన బోల్టులు

అమెరికాలో, ఫ్రిస్కోలోని మా గ్యారేజీలో ఫిబ్రవరి నుంచి ఒక కారు నిర్మాణం దిగ్విజయంగా సాగుతున్నదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను. సిద్ధంగా ఉన్న కారు ఎవరైనా కొంటారు కాబట్టి, మావారు అఖిల్ విడిభాగాలుగా వచ్చే కిట్ కారు కొన్నారు. అదీ ఎవరో సగం బిగించి, విసుగెత్తి అమ్మేసినది. కనుక మొదటి ఘట్టం, ఇంజిన్ జోలికి పోకుండా, ఆ సగాన్ని ఊడదీయడం. రెండు వారాల్లో పూర్తి. బోల్టులన్నీ ఒకే బకెట్టులో వేశారు. ఏది ఎక్కడిదో గుర్తుంటుందట.

తర్వాత ప్రతి శనివారం మావారు, ఆయన స్నేహితులు అవినాష్, శ్రేయాస్ లాప్‌టాపులతో ఫ్రేము చుట్టూ కూర్చుని, గతవారం ఏం చేశారో చెప్పుకునేవారు. ఏమీ చేయలేదన్న విషయంలో అభిప్రాయభేదం ఎన్నడూ రాలేదు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌కి తెరిచినట్టే, సస్పెన్షన్ మీద నలభై రెండు టికెట్లు, అంటే చేయాల్సిన పనుల పద్దులు, తెరిచారు. స్ప్రింగుల రంగుకు పోలింగు పెడితే ఎరుపు గెలిచింది. తుప్పు మాత్రం ఫ్రేమును వదల్లేదు.

అంతవరకూ నాకేం బాధ లేదు. జూన్‌లో మావారు ప్రకటించారు: "తన్వి బర్త్‌డేకి పాపని దీన్లోనే పార్క్‌కి తీసుకెళ్తా!" మా పాప తన్వికి నాలుగేళ్లు. ఆ పూట నుంచి నాకు అన్నం దిగలేదు.

ఇంటర్ మధ్యలో ఆగిన చదువు నాది. ఇంజినీర్ల చర్చలో కూర్చునే అర్హత లేదు. అందుకని పాప ప్రీస్కూల్‌కి వెళ్లిన వేళల్లో మాన్యువల్ చదివాను. అందులో బొమ్మలున్నాయి. పెద్ద చదువుల వాళ్లు దాన్ని తెరవకపోవడానికి అదే కారణం కావచ్చు. తుప్పు గీకి, రంగు వేసి, బకెట్టులోని బోల్టులను బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరి, ముందు చక్రాల సస్పెన్షన్ అంతా బిగించాను. శనివారం ముగ్గురూ వచ్చి చూశారు. ఎవరు చేశారని అడక్కుండానే ఇరవై ఒక్క టికెట్లు మూసేశారు.

ఆ ఊపులో వెనక భాగం వాళ్లే చేశారు. బిర్యానీ విరామంతో కలిపి ఒక్క మధ్యాహ్నం పట్టింది.

"ఏమండీ, మూడు బోల్టులు మిగిలాయి."

"ఎక్స్‌ట్రా ఇస్తార్లే రేణూ."

"మీరు మరీ టెన్షన్ పడతారు వదినా," అన్నాడు అవినాష్. "అది నోన్ ఇష్యూ. రిలీజ్ అయ్యాక చూద్దాం."

పుట్టినరోజు పొద్దున, ఎవరైనా పని తెలిసినవాళ్లు చూస్తే తప్ప పాపను ఎక్కించనని భీష్మించాను. పక్కింటి హాంక్ రిటైరైన మెకానిక్. ఆయన కారు కిందికి దూరి, ముందు భాగం చూసి, ఇంత శుభ్రమైన పని చూసి చాలా ఏళ్లయింది, ఎవరు చేశారని అడిగాడు.

"టీమ్ ఎఫర్ట్!" అన్నారు మావారు, ఛాతీ విరిచి. సమష్టి కృషి గురించి రెండు నిమిషాలు ప్రసంగించారు కూడా.

హాంక్ కారు కిందే వెనక భాగానికి జరిగాడు. బయటికొచ్చి, వెనక చక్రం వీధి మలుపు దాటేలోపే ఊడిపోతుందని చెప్పాడు. ఇదెవరు చేశారని అడిగాడు.

టీమ్ ఆకాశం వైపు చూసింది. ముందుగా తేరుకున్నది శ్రేయాస్. "బోల్ట్స్ అన్నీ వదినే చూసుకున్నారు."

"యాక్చువల్లీ," అన్నారు మావారు, "మై వైఫ్ డిడ్ ఎవ్రీథింగ్."

ఎవరూ విభేదించలేదు. కారంతా నాదేనని తేలింది కనుక తాళంచెవి తీసుకుని నా పర్సులో వేసుకుని, పాపను మా పాత వ్యాన్‌లో పార్కుకి తీసుకెళ్లాను.

అక్కడ కేకు కోయకముందే కబురు చేరింది. పార్టీకొచ్చిన ఆడవాళ్లంతా నా చుట్టూ మూగారు.

"బయటివాళ్ల ముందు క్రెడిట్ మొత్తం నీకే ఇచ్చాడట కదే! అలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?"