నల్లవాగుపల్లె వెనకవైపు

నల్లవాగుపల్లె రైతులు పొలాలను సోలార్ కంపెనీకి లీజుకిచ్చిన కొన్నాళ్లకే, ఊళ్లో జనం కూడా చేలల్లో నిలిపిన సోలార్ పలకలతో పాటు పొద్దు వైపు తిరగడం మొదలుపెట్టారు. ఉదయం తూర్పుకి, మధ్యాహ్నం ఆకాశానికి, సాయంత్రం పడమటికి. కాళ్లు ఎటైనా నడవొచ్చు, ముఖం మాత్రం పొద్దు వైపే. సాయంత్రం తూర్పు వీధిలో ఇళ్లున్నవాళ్లు వెనక్కి నడిచి ఇల్లు చేరుకునేవారు. మెడ పట్టేసిందని ఒక్కరూ రాలేదని ఆరోగ్య కేంద్రం నర్సమ్మ చెప్పింది. ఆమె కూడా రెండెకరాలు లీజుకిచ్చింది కాబట్టి ఆ మాట పడమటి గోడతో చెప్పింది.

పంచాయతీ చేయవలసిన సర్దుబాట్లు చేసింది. బడిలో తూర్పు గోడకొక నల్లబల్ల, పడమటి గోడకొక నల్లబల్ల పెట్టించారు. నడిమధ్యాహ్నం పిల్లలు వెల్లకిలా పడుకుని ఎక్కాలు అప్పజెప్పేవారు. గాలి జోరుగా వీస్తే పలకలు విరగకుండా వాటంతటవే బల్లపరుపుగా వాలతాయి. ఆ గాలికి జనమూ ఎక్కడివాళ్లక్కడ వాలిపోయేవారు. సంగతి బస్సు డ్రైవరుకి ముందే చెప్పి ఉంచారు.

ఉపయోగాలు లేవని ఎవరూ అనలేరు. కరెంటు పోవడం మానేసింది. తారు రోడ్డు పడింది. మంచినీళ్ల ప్లాంటు వచ్చింది. మిరపకాయల కోతకి గుంటూరు వైపు లారీలెక్కి పోయే జనం ఈ ఏడు ఊళ్లోనే ఉన్నారు. సుంకులమ్మ కూడా ఇవేవీ కాదనలేదు. ఎండాకాలంలో కూతురు ఫ్యాను కింద హాయిగా నిద్రపోతుంటే ఆమెకీ సంతోషమే.

అయితే సుంకులమ్మ మెడ తిరగలేదు. తల్లి ఇచ్చిపోయిన ఎకరం ఆమె పేరు మీద ఉంది, దానికి ఆమె వేలిముద్ర వేయలేదు. మిగతా చేలు మొగుడు మద్దిలేటివి. ఆయన సంతకంతో ఆయనా, ఆరేళ్ల కూతురు రంగీ ఒప్పందం కిందికి వచ్చారు. పిల్లల మెడలు లేతవి కాబట్టి కాస్త ఆలస్యంగా తిరుగుతాయని కంపెనీ వాళ్లు చెప్పారు. రంగి ఇంకా నాలుగు దిక్కులూ చూస్తోంది. ఊరంతటిలో సుంకులమ్మ ముఖంలోకి చూసి మాట్లాడేది ఆ పిల్ల ఒక్కతే.

మిగతావాళ్లతో మాట్లాడటం కష్టమైపోయింది. ఎదురుగా నిలబడితే నీడ వాళ్ల ముఖాల మీద పడుతుంది, వాళ్ల ఇంట్లో ఫ్యాను నెమ్మదిస్తుంది. పోనీ వెనక నుంచి పిలుద్దామంటే, బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే తలపెట్టిన పని చెడుతుంది, కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. ఊరు ఊరంతా ఇప్పుడు పొద్దుతో పాటే పోతోంది గనక, తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా అందరూ బయల్దేరిన కిందే లెక్క అని పంచాయతీ తీర్మానించింది. ఏదైనా చెప్పదలిస్తే పక్కన నిలబడి చెప్పాలి.

ఒక ఉదయం సుంకులమ్మ పడమటి వైపు కొందరు కంపెనీ కంచె స్తంభాలు పాతుతుండటం చూసింది. నిన్నటిదాకా వాగు అవతల ఉన్న కంచె బడి వెనక గోడ దాకా వచ్చేసింది. గడ్డపార పట్టుకున్నవాడు మర్యాదస్తుడు. "పని జరుగుతాందమ్మా, రోంత పక్కన పోండి," అన్నాడు.

ఆమె వచ్చి మొగుడి పక్కన నిలబడింది. "యోవ్, కంచె బడికాడికి వచ్చిందయ్యా."

మద్దిలేటి తూర్పుకి చూస్తూనే బీడీ ముట్టించాడు. "నాకేం కనపళ్లేదే."

"ఎట్ల కనపడతాది? నువ్వు ఇట్ల చూస్తాంటే అది అట్ల వస్తాంది."

"సాయంత్రం చూస్తాలేమే. ఎట్లా ఆ పక్కకే తిరుగుతా గదా!"

సాయంత్రం అందరూ పడమటికి తిరిగారు. కంచె కదలకుండా, బుద్ధిగా నిలబడి ఉంది. "ఇది మొదుట్నించీ ఈడనే ఉంది గదమే," అన్నాడు మద్దిలేటి. పక్కనున్నవాళ్లూ అవునన్నారు. వాళ్లు ఆ మాట అంటుండగానే, వాళ్ల వీపుల వెనక తూర్పు వైపున గడ్డపారలు దిగుతున్నాయి. ఆ వైపు చూస్తున్నది తల్లీ కూతుళ్లు ఇద్దరే.

"అమా, మన కల్లం యాడికి పోయింది?" అంది రంగి.

"నీకు కనపడతాంది గదా పోయిందని?"

"కనపడతాంది."

"మరిచిపోవద్దు," అంది సుంకులమ్మ.

రోజూ అదే వరస. పొద్దున పడమటి నుంచి, సాయంత్రం తూర్పు నుంచి కంచె వచ్చేది. శ్మశానం పోయింది. పశువుల దొడ్డి పోయింది. జనం తిరిగేసరికి అన్నీ మొదటినుంచీ అట్లాగే ఉండేవి.

కొన్నాళ్లకి ఒక ఉదయం, వాకిట్లో జడ వేయడం అయ్యాక, "ఇట్ల తిరుగు, బొట్టు పెడతా," అంది సుంకులమ్మ. రంగి తల తిరగలేదు.

"పొద్దు ఆడ ఉంది గదమా," అంది పిల్ల మామూలుగా.

సుంకులమ్మ చుట్టూ తిరిగి ఎదురుగా కూర్చుంది. ఆమె నీడ పిల్ల ముఖం మీద పడింది. ఇంట్లో ఫ్యాను కిర్రుమంటూ నెమ్మదించింది. రంగి కళ్లు తల్లి మీదే ఉన్నాయి గాని, తల్లిని చూడటం లేదు.

"అమా, తప్పుకో. చీకటైతాంది."

సుంకులమ్మ తప్పుకుంది.

ఆ సాయంత్రం కంపెనీ లైజన్ ఆఫీసరు జయచంద్ర వచ్చాడు. కంపెనీ మనుషుల మెడలు అన్ని వైపులా తిరుగుతాయి. ఆమె ఎకరం ఒప్పందం కాగితం అరుగు మీద పరిచి, ఇంకు డబ్బా మూత తీసి పక్కన పెట్టాడు.

"పాప నన్ను చూడాలంటే ఏం చేయాల సారూ?"

"చూడటం మా పథకంలో లేదమ్మా. పక్కన నిలబడొచ్చు. ఇద్దరూ ఒకే వైపు చూడొచ్చు. చాలా కుటుంబాలు అట్లే సంతోషంగా ఉన్నాయి."

"నేనూ తిరిగితే వెనక ఎవురు చూస్తారు?"

"ఇన్నాళ్లూ చూశారు కదా. ఏం చేశారు?"

"చెప్పినా సారూ."

"ఎవరు విన్నారు?"

అతను వెటకారంగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగాడు. సుంకులమ్మ లేచి వీధిలోకి వచ్చింది. ఊరంతా ఆమెకు వీపు పెట్టి పడమటికి నిలబడి ఉంది. అందరికన్నా ముందు, తండ్రి పక్కన, ఆమె వేసిన జడ. ఆమె వెనక, తూర్పున, కంచె పక్కింటి గోడ దాకా వచ్చేసింది.

సుంకులమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుని వెనక నుంచి పిలిచింది.

"రంగీ!"

వీధి వీధంతా ఆగింది. అందరూ నిట్టూర్చి ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. చెంబులు చేతులు మారాయి. మంచినీళ్లు తాగారు. రంగి కూడా రెండు చేతులతో చెంబు పట్టుకుని తాగింది. తర్వాత అందరూ లేచి, మళ్లీ బయల్దేరినట్టు నిలబడ్డారు. ఒక్క తల కూడా వెనక్కి తిరగలేదు.

ఆమె అరుగు దగ్గరికి వెళ్లి బొటనవేలు ఇంకులో ముంచింది.

మెడ దానంతటదే తిరిగింది. నొప్పి లేదు, నర్సమ్మ చెప్పింది నిజమే. సుంకులమ్మ నడిచి వెళ్లి రంగి పక్కన నిలబడింది. తడుముకుంటే చిన్న చెయ్యి దొరికింది. ముఖానికి వెచ్చగా ఉంది.

"బాగుంది గదమా?"

"బాగుంది."

వెనకాల, వాళ్ల వాకిట్లోనే, గడ్డపార దిగిన చప్పుడైంది. "రోంత పక్కన పోండి," అని ఎవరో మర్యాదగా అన్నారు. ఆ పక్కన ఎవరూ లేరు.

మద్దిలేటి కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. ఈసారి వెనక నుంచి పిలుపు రాలేదు.

"మంచి శకునమే," అన్నాడు.