అంతా లిక్విడ్ కూలర్ చలవే!

పెళ్ళయిన ప్రతి మగవాడూ తన కంప్యూటర్‌కు ఒక లిక్విడ్ కూలర్ బిగించుకుని తీరాలి. ఇది సలహా కాదు, డిమాండ్! కాపురాలు సవ్యంగా సాగాలంటే ఇంతకు మించిన సాధనం లేదని అనుభవం మీద చెబుతున్నాను. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి.

ముందు నా సంగతి. నేను పత్రికకు వారానికో వ్యాసం రాసేవాణ్ణి. అంటే ఆరు రోజులు ఏం రాయాలా అని గోళ్ళు కొరుక్కుని, ఏడో రోజు గాభరాగా టైపు చేసేవాణ్ణి. ఈ మహత్కార్యానికి ఎంత కంప్యూటర్ కావాలి? నిజం చెప్పాలంటే పెన్సిల్ ముక్క చాలు. కానీ నా టేబుల్ మీద ఉన్నది సినిమాలకు గ్రాఫిక్స్ చేసేవాళ్ళు కూడా కుళ్ళుకునే డెస్క్‌టాప్!

మా ఆఫీసులో పేజీలు పెట్టే మిత్రుడి కన్ను దాని మీద పడింది. "ఇంత మంచి ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చెయ్యకుండా ఎలా ఉంచారు సార్? పాపం కదూ!" అన్నాడు. ఓవర్‌క్లాకింగ్ అంటే మరేం లేదు, ప్రాసెసర్‌కు కంపెనీవాళ్ళు వేసిన కళ్ళెం ఊడదీసి పరిగెత్తించడం. నా ఇంట్లో నాకే తెలియకుండా ఒక గుర్రం కట్టేసి ఉందా! ఆ ఆదివారమే మిత్రుడు ఇంటికొచ్చి, నాలుగు అంకెలు మార్చి, టీ తాగి వెళ్ళిపోయాడు.

వేగం పెరిగిందా? పెరగకేం! అంతకుముందు అర సెకనుకు తెరుచుకునే తెల్ల పేజీ ఇప్పుడు పావు సెకనుకే తెరుచుకుని, మిగతా మూడు గంటలూ ఖాళీగా నా మొహంలోకి చూడసాగింది.

వేగంతో పాటు వేడీ పెరిగింది. తొంభై అయిదు డిగ్రీలు! లోపలి ఫ్యాను ప్రాణం పోతున్నట్టు తిరిగేది. గదిలోంచి విమానం లేస్తోందా అన్నంత హోరు. అప్పటికీ వేడి తగ్గకపోతే మిషన్ దానంతటదే టక్కున ఆరిపోయేది. ఒకసారి సరిగ్గా 'ఈ సమాజానికి ఇప్పుడు కావలసిందల్లా' అని టైపు చేసేసరికి ఆరిపోయింది. ఏం కావాలో నాకు ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

మా మామగారు, అంటే మా ఆవిడ తండ్రి, మాతోనే ఉంటారు. కాగితం మిల్లులో ముప్ఫై రెండేళ్ళు బాయిలర్ చూసుకుని రిటైరయిన మనిషి. గుమ్మంలో నిలబడి ఆ హోరు కాసేపు విన్నారు.

"మా మిల్లులో బాయిలర్ వేడెక్కితే మంట తగ్గించేవాళ్ళం అల్లుడుగారూ."

"మంట తగ్గిస్తే వేగం తగ్గిపోతుంది కదండీ!"

"ఆ వేగంతో మీరేం చేస్తారు?"

"రాస్తానండీ."

"రాసేది మీ వేళ్ళే కదా?"

ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెబుతూ కూర్చుంటే విజ్ఞానం ముందుకు పోతుందా? నేను తలుపు దగ్గరగా వేసుకుని, లిక్విడ్ కూలర్ ఎంపికకు ఉపక్రమించాను. పని చిన్నదే. ప్రాసెసర్ నెత్తిన ఒక పంపు కూర్చుంటుంది. అక్కడి వేడిని నీళ్ళు రెండు గొట్టాల్లో రేడియేటర్‌కు మోసుకుపోతాయి. రేడియేటర్‌కున్న ఫ్యాన్లు దాన్ని బయటికి ఊదేస్తాయి. తాపీగా తిరుగుతాయి కాబట్టి చప్పుడు చెయ్యవు. అంతే!

అంతేనా? రేడియేటర్ రెండు ఫ్యాన్లదా, మూడు ఫ్యాన్లదా? దాన్ని కేబినెట్‌కు, అంటే కంప్యూటర్ పెట్టెకు, పైన బిగించాలా, ముందు బిగించాలా? ఈ విషయం మీద ప్రపంచం రెండు శిబిరాలుగా చీలిపోయి ఉందని మీకు తెలుసా? ఆ నెల దాకా నాకూ తెలియదు. నేను పైశిబిరంలో చేరి, ముందుశిబిరం పెద్దమనిషి ఒకాయనతో ఇంటర్నెట్‌లో నాలుగు రోజులు కత్తులు దూశాను. ఆయన పేరేమిటో, ఏ ఖండంలో ఉంటాడో నాకు తెలియదు. ఆయన ప్రాసెసర్ ఎంత వేడిలో ఉంటుందో మాత్రం దశాంశ స్థానంతో సహా తెలుసు!

పద్నాలుగు కూలర్లను ఒక నోటుబుక్కులోకి ఎక్కించాను. గొట్టాల పొడవు, పంపు ఆయుష్షు, దీపాల రంగులు, తిట్టినవాళ్ళ సంఖ్య, మెచ్చుకున్నవాళ్ళ సంఖ్య. మా ఆవిడను చేసుకోవాలని తేల్చుకోవడానికి నాకు ఒక్క సాయంత్రం పట్టింది. కూలర్‌కు మూడు వారాలు దాటింది. ఈ లెక్క ఆవిడ దగ్గర అనకపోవడమే మంచిదని అప్పుడే అనిపించింది. ఆవిడ బడిలో లెక్కల టీచరు.

ఆ రోజుల్లో నా తిండీ నిద్రా ఆ గదిలోనే. ఆవిడ అప్పుడప్పుడు గుమ్మం దగ్గరికొచ్చి ఏదో అనేది. ఫ్యాను హోరులో పెదవులు కదలడమే కనిపించేది. నేను తల ఊపేవాణ్ణి. కాపురంలో సగం మాటలకు తల ఊపితే సరిపోతుందని కొత్తగా కనుక్కుని మురిసిపోయాను కూడా.

చివరికి మూడు ఫ్యాన్లదే ఖాయం చేసి షాపుకు వెళ్ళాను. షాపతను నన్ను ఎగాదిగా చూశాడు.

"దేనికి వాడతారు సార్? గేములకా? వీడియో ఎడిటింగ్‌కా?"

"వ్యాసాలు రాస్తాను."

అతను కూలర్ డబ్బా కిందికి దించాడు. "పెద్ద వ్యాసాలా?" అన్నాడు.

ఇంటికి తెచ్చాక తేలిందేమిటంటే, రేడియేటర్ మా కేబినెట్ కంటే నాలుగు మిల్లీమీటర్లు పొడుగు. కుట్టుమిషన్ టేపుతో కొలిచిందీ నేనే, రాసుకున్నదీ నేనే కాబట్టి తిట్టడానికి ఎవరూ దొరకలేదు. కేబినెట్ మార్చాను. కొత్త కేబినెట్ టేబుల్ కింద పట్టలేదు. టేబుల్ మార్చాను. కొత్త టేబుల్ వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోవడం మానేసింది. నేను గదిలోకి పక్కవాటంగా, పీతలా వెళ్ళడం నేర్చుకున్నాను. గది మార్చలేదు. అంత పిచ్చివాణ్ణి కాదు!

ఆదివారం మధ్యాహ్నం బిగింపు కార్యక్రమం. స్క్రూడ్రైవర్ పట్టుకుని నేను ఏ మర ముందో వెతుక్కుంటుంటే మామగారే ముందుకొచ్చారు. "ఒక్క మర మొత్తం బిగించెయ్యకూడదు. ఎదురెదురు మరలు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి" అంటూ నాలుగు మరలూ ఆయనే బిగించారు. మూడు వారాలు చదివిన నేను టార్చిలైటు పట్టుకున్నాను.

స్విచ్ వేశాను. నలభై ఒక్క డిగ్రీలు! హోరు లేదు. చప్పుడే లేదు. నెల రోజుల తరువాత నా గదిలో గోడగడియారం వినిపించింది. పైవాళ్ళ కుళాయి వినిపించింది. నాకు కళ్ళు చెమర్చాయి.

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. ఖంగు ఖంగుమని, లోపల ఏదో ఇరుక్కుని బయటికి రానట్టు. ఆగింది. మళ్ళీ మొదలైంది.

పంపులో గాలిబుడగ! అన్ని రివ్యూల్లోనూ హెచ్చరించారు! కేబినెట్‌కు చెవి ఆనించాను. ఏమీ లేదు. ఇంకో పక్క ఆనించాను. మోకాళ్ళ మీద వంగి రేడియేటర్ దగ్గర ఆనించాను.

"అది మిషన్ కాదు అల్లుడుగారూ," అన్నారు మామగారు. "అమ్మాయి."

పక్క గదిలోకి వెళ్ళాను. మా ఆవిడ మంచం మీద గోడకు చేరబడి, ఒళ్ళో పరీక్ష పేపర్ల కట్ట పెట్టుకుని దిద్దుతోంది. ఎర్ర పెన్ను ఉన్న చేత్తోనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. మొహం పీక్కుపోయి ఉంది. చెయ్యి ముట్టుకున్నాను. కాలిపోతోంది.

"ఎన్నాళ్ళ నుంచి? నాకు చెప్పొద్దూ?" అన్నాను, గొంతు పెంచి. తప్పు మనదైనప్పుడు గొంతు దానంతటదే పెరుగుతుంది.

"చెప్పాను. రెండుసార్లు." ఆవిడ పేపర్లోంచి తలెత్తలేదు. "మొదటిసారి తల ఊపారు. రెండోసారి దగ్గరికొచ్చి, జ్వరం వంద దాటిందండీ అన్నాను. నాదింకా తొంభై అయిదే అని సంబరపడ్డారు."

నేను ఆవిడ ఒళ్ళోంచి పేపర్ల కట్ట తీసి పక్కన పెట్టాను.

వెంటనే డాక్టరు దగ్గరికి బయలుదేరాం. మామగారూ వచ్చారు. డాక్టరు ఎక్స్‌రే తీయించి, కుడివైపు నెమ్ము చేరిందన్నాడు. ఇంకో వారం ఇలాగే బడికి తిరిగి ఉంటే ఆస్పత్రిలో చేర్చుకోవాల్సి వచ్చేదట. ఆవిడ దగ్గలేక ఆయాసపడుతోంది కాబట్టి నా వైపు తిరిగాడు.

"జ్వరం ఎన్ని రోజులుగా ఉంది?"

నేను మామగారి వైపు చూశాను. "పంతొమ్మిది రోజులండీ," అన్నారాయన.

"ఏ వేళప్పుడు పెరుగుతోంది?"

మళ్ళీ చూశాను. "సాయంత్రం బడి నుంచి వచ్చాక. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, పరీక్షలవనీ నాన్నా అని వాయిదా వేసిందండీ."

"తిండి?"

"సగం కూడా లేదండీ."

డాక్టరు పెన్ను కింద పెట్టి నన్ను తేరిపార చూశాడు. "మీరు ఈవిడకి ఏమవుతారు?"

"భర్తనండీ."

"ఓహో," అన్నాడు. మందుల చీటీ రాసి, నా చెయ్యి దాటించి, మామగారికి ఇచ్చాడు.

ఇప్పుడు చెప్పండి! నేను లిక్విడ్ కూలర్ కొనకపోయి ఉంటే ఆ హోరు ఆగేదా? హోరు ఆగకపోతే దగ్గు వినిపించేదా? కూలర్ వల్ల కాపురం నిలబడిందా లేదా? ఈ వాదన మామగారి ముందు కూడా పెట్టాను. ఆయన మందుల సీసా మూత తిప్పుతూ విన్నారు. "మొదటిరోజే మంట తగ్గించి ఉంటే, మొదటిరోజే వినపడేది కదా" అన్నారు.

ఆవిడకు రెండు వారాలు సెలవు దొరికింది. నేను కుర్చీ తెచ్చి మంచం పక్కన వేసుకున్నాను. లెక్కలు రావు కాబట్టి పేపర్లు దిద్దలేను, మార్కులు కూడి పెడుతున్నాను. ఆవిడ వాటిని మళ్ళీ కూడుకుంటోంది. ఆరో రోజుకు దగ్గు కాస్త తెరిపినిచ్చింది.

"ఇంతకీ మీ మిషన్ ఎంతలో ఉంది?" అంది.

"తెలీదు. నాలుగు రోజులైంది చూసి," అన్నాను.

ఆవిడ గబుక్కున లేచి కూర్చుని, నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.